డ్రోన్ పైలట్ కాగోరే పిల్లలు ముందుగా పేరు సరిచూసుకోవాలి

పెళ్లి వేడుకల్లో డ్రోన్ ఎగురవేసి వీడియో తీసే యువకుల్లో మన పిల్లలూ ఉన్నారు. చేతిలో పనితనం ఉంది, ధ్రువపత్రం లేదు. రెండు కిలోలలోపు డ్రోన్‌ను సరదాకు ఎగురవేస్తే పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. డబ్బు తీసుకుని ఎగురవేస్తే మాత్రం, 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కూ అది ఉండి తీరాలి. నిబంధన మీరితే లక్ష రూపాయల వరకు జరిమానా. ఆపై ఠాణాలో ఎదురయ్యే ప్రశ్నలు ఎలా ఉంటాయో మన ఇళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

2021 డ్రోన్ నిబంధనలు కోరే అర్హత స్వల్పమే. వయసు 18 నుంచి 65 ఏళ్ల లోపు, పదో తరగతి ఉత్తీర్ణత, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ. హైదరాబాదులోని తెలంగాణ రాష్ట్ర విమానయాన అకాడమీ అటువంటి సంస్థే. ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టు లేదని ఆగినవారూ ఇక ఆగనక్కరలేదు. 2023 సెప్టెంబరు సవరణ తరువాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి అంగీకరిస్తున్నారు.

అసలు చిక్కు పేరు దగ్గరే. గుమాస్తాగా పనిచేసినన్నాళ్లూ మేము చూసింది ఇదే. పదో తరగతి మార్కుల పత్రంలో 'షేక్' పేరుకు ముందుంటుంది, ఓటరు కార్డులో వెనక్కి పోతుంది, రేషన్ కార్డులో మాయమవుతుంది. రుసుము కట్టాక దిద్దుబాటుకు తిరగడం మొదలుపెడితే నెలలు గడుస్తాయి. కాగితాలన్నింటిలో పేరు ఒక్కటయ్యాకే శిక్షణలో చేరడం మేలు.

శిక్షణ రుసుము పేదింటికి భారమే. వలీమా విందులో రెండు వంటకాలు తగ్గించుకోగల కుటుంబాలు మొహల్లాకు ఒక్క పిల్లవాడినైనా చదివించవచ్చునని మా అభిప్రాయం. డ్రోన్ కొనడానికి మాత్రం ఇప్పుడే అప్పు చేయవద్దు. పొలాల్లో మందు పిచికారీ చేసే యజమానుల వద్ద కొంతకాలం పనిచేసి, గిరాకీ చూసుకుని, ఆ తరువాత కొనవచ్చు.