రేపటి నంబర్‌కు గ్రాఫ్ ఉందా?



పోయిన నెల తొమ్మిదో తరగతిలో గ్రాఫుల పాఠం అయ్యాక ఒక అబ్బాయి ఆగిపోయి, బ్యాగులోంచి పాత డైరీ ఒకటి తీశాడు. నిండా అంకెలే. రోజుకొక అంకె. కొన్నిటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు, ఒకదాని నుంచి ఇంకోదానికి గీతలు. "మా మామది సార్. ఇన్నేండ్ల నంబర్లున్నయి ఇండ్ల. మీరు చెప్పినట్టు గ్రాఫ్ గీస్తే రేపటిది వస్తదా?" అని అడిగాడు.

అది మట్కా చార్టు. గోదావరిఖనిలో ఉంటూ ఆ మాట వినని ఇల్లు ఉండదు. టీ కొట్టు దగ్గర, షిఫ్ట్ దిగి వచ్చే దారిలో "ఇయ్యాల ఏం వచ్చింది?" అంటే వాన గురించో క్రికెట్ గురించో కాదని పిల్లలకూ తెలుసు. కోప్పడి డైరీ లాక్కుందామని ఒక క్షణం అనిపించింది. లాక్కోలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. జరిగినవాటిని గ్రాఫ్ మీద పెట్టి, వాటి గుండా ఒక గీత గీసి, జరగబోయేది చెప్పడం మనం నేర్పే చదువే. దీన్నే కర్వ్ ఫిట్టింగ్ అంటారు. మన ఊరు దాని మీదే బతుకుతోంది కూడా.

బొగ్గు లెక్కే చూడండి. 2011 చివరి దాకా మన దేశంలో నాన్‌కోకింగ్ బొగ్గుకు గ్రేడు కట్టడానికి ఒక చిన్న సూత్రం వాడేవారు. బొగ్గులో బూడిద శాతాన్ని, తేమ శాతాన్ని కూడాలి. ఆ మొత్తాన్ని 138తో హెచ్చవేసి 8900లోంచి తీసేయాలి. మిగిలేది కిలో బొగ్గు నుంచి దక్కే ఉపయోగకరమైన వేడి, కిలోక్యాలరీల్లో. బూడిద 30, తేమ 7 ఉన్న బొగ్గయితే 37ను 138తో హెచ్చవేస్తే 5106. దాన్ని 8900లోంచి తీసేస్తే 3794. అప్పటి లెక్కలో అది 'ఇ' గ్రేడు. 2012 జనవరి నుంచి జీసీవీ పద్ధతి వచ్చింది గానీ, పాత ఉద్యోగులకు ఆ 138 ఇంకా నోటి మీదే ఉంటుంది. గ్రాఫ్ మీద వేస్తే అది కిందికి వాలే సరళరేఖ. ఎన్ని నమూనాలు వచ్చినా రెండే రెండు స్థిర సంఖ్యలతో పని జరిగిపోయింది. కారణం ఉంది మరి. బూడిద మండదు. తేమను ఆవిరి చేయడానికి కొంత వేడి ఖర్చవుతుంది.

భూగర్భ గనుల్లో పనిచేసేవారికైతే నేను చెప్పేదేముంది! పైకప్పుకూ నేలకూ మధ్య దూరం ఎంత తగ్గిందో కొలిచి, రీడింగులు రాసి, గ్రాఫ్ వేస్తారు. మెల్లగా పోతున్న గీత ఒక్కసారి నిటారుగా లేస్తే మనుషుల్ని అక్కడి నుంచి తప్పిస్తారు. ఆ గీత వెనక రాతి బరువు ఉంది. ఇలాంటి గీతల మధ్య పెరిగిన పిల్లవాడు నంబర్లకు మాత్రం గీత ఎందుకు ఉండదని అడగకుండా ఎలా ఉంటాడు?

అందుకే మర్నాడు క్లాసులో బోర్డు మీదే చేసి చూశాం. ఎవరిదో, ఎక్కడిదో చెప్పకుండా వరసగా నాలుగు అంకెలు రాశాను: 4, 7, 1, 8. పక్కపక్క అంకెల తేడాలు 3, −6, 7. ఆ తేడాల మధ్య తేడాలు −9, 13. వాటి తేడా 22. నాలుగు బిందువుల గుండా పోయే మూడో ఘాత వక్రం గీయడమంటే ఈ 22 ఇలాగే కొనసాగుతుందని అనుకోవడమే. అలా అనుకుని కింది నుంచి పైకి కూడుకుంటూ వచ్చాం. 13కు 22 కలిపితే 35, 7కు 35 కలిపితే 42, 8కి 42 కలిపితే 50.

వచ్చే అంకె 50! సున్నా నుంచి తొమ్మిది వరకే ఉన్న ఆటలో యాభై. క్లాసంతా నవ్వింది. డైరీ అబ్బాయి మాత్రం నవ్వలేదు. "చివరి అంకె తీసుకుందాం సార్. సున్నా" అన్నాడు. సరేనని అట్టపెట్టెలోంచి ఒక చీటీ తీయించాను. 3 వచ్చింది. ఇప్పుడు అయిదు అంకెలు: 4, 7, 1, 8, 3. మళ్లీ అదే లెక్క చేస్తే తర్వాతి అంకె −86. "మైనస్ తీసేస్తే 6 కదా సార్" అని ఈసారి ముందు బెంచీ నుంచి వినిపించింది.

ఒక్క మెట్టు ఎక్కగానే యాభై కాస్తా మైనస్ ఎనభై ఆరు ఎందుకయింది? ఆ గీతకు అంకెల సంగతి ఏమీ తెలియదు కాబట్టి. రెండు బిందువుల గుండా ఎప్పుడూ ఒక సరళరేఖ పోతుంది. నాలుగింటి గుండా ఒక మూడో ఘాత వక్రం పోతుంది. పదింటికైతే తొమ్మిదో ఘాతం చాలు. మీ ఫోన్ నంబర్‌లోని పది అంకెలనూ వెంట్రుకవాసి తేడా లేకుండా తాకే వక్రం గీయొచ్చు. దాన్ని చూసి పదకొండో అంకె చెప్పమంటే? బొగ్గు సూత్రంలో సంఖ్యలు రెండే, నమూనాలు వేలు. అది తప్పయితే ఏ కొత్త నమూనా అయినా ఎత్తి చూపగలదు. ఎన్ని అంకెలుంటే అన్ని గుణకాలు పెట్టుకునే ఫార్ములాను పాత అంకెలు ఎప్పటికీ తప్పని చూపలేవు. 'గడిచిన నెలంతా సరిపోయింది' అనే మాటకు విలువ లేనిది అందుకే. తప్పిన ప్రతిసారీ "చివరి అంకె", "మైనస్ తీసేద్దాం" అని ఒక చిన్న సవరణ చేరుతుంది. మామ డైరీలోని ఎర్ర సున్నాలన్నీ అలాంటి సవరణలే.

చార్టు చూసేవారు ఇంకో మాట అంటారు: "7 వచ్చి చానా రోజులైంది, ఇగ రావాలె." దీనికీ లెక్క ఉంది. పది అంకెల్లో ఒకటి సమంగా వచ్చే ఆటలో, ఫలానా అంకె వరసగా 20 సార్లు రాకపోయే అవకాశం సుమారు 12 శాతం. అంకెలు పది కదా, అంటే ఏ ఇరవై రోజుల చార్టు తీసినా సగటున ఒక అంకె అందులో కనిపించదు. 'బాకీ ఉన్న నంబర్' చాలాసార్లు ఒకటి ఉంటుంది. చీటీకి మాత్రం నిన్న ఏం వచ్చిందో గుర్తుండదు.

మట్కా పుట్టుక కథ కూడా ఇక్కడికి పనికొస్తుంది. మొదట్లో బొంబాయిలో పందేలు కాసింది న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే పత్తి ధరల మీద, మార్కెట్ తెరిచినప్పటి ధర, మూసినప్పటి ధర. ఓపెన్, క్లోజ్ అనే మాటలు అక్కడివే. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగాక కుండలో చీటీలు వేసి తీయడం మొదలైంది. మట్కా అంటే కుండ. ఆ తర్వాత పేకముక్కలు వచ్చాయి. పత్తికి కనీసం వానా, పంటా, గిరాకీ అనే కారణాలుండేవి. కుండలోకి వచ్చేసరికి ఆ కాస్త కారణం కూడా పోయింది. చీటీ నిజాయితీగా తీశారనే అనుకుని ఇదంతా రాస్తున్నాను. అలా తీయకపోతే రేపటి నంబర్ ఎవరి మీద తక్కువ పందెం పడిందో చూసి తీస్తారు. దానికీ మన గ్రాఫ్ అందదు.

"మరి ఫలానా ఆయన ఫార్ములా తగిలింది కదా" అంటారా? ముప్పై రోజులు కళ్లు మూసుకుని అంకె చెప్పినా సగటున మూడు తగులుతాయి. అయిదు, అంతకన్నా ఎక్కువ తగిలే అవకాశం 17 శాతానికి పైనే. అంటే ఆరుగురు ఆరు ఫార్ములాలతో కూర్చుంటే వారిలో ఒకరికి, ఏ తెలివీ లేకుండానే, నెలకు అయిదుసార్లు తగలొచ్చు. మిగతా అయిదుగురు మాట్లాడరు. ఆ ఒక్కరి చుట్టూ జనం చేరతారు.

పెద్ద లాటరీల సంగతీ ఇంతే. పక్కనే ఉన్న జగిత్యాల జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లిన ఒకాయనకు 2022 చివర్లో ఎమిరేట్స్ డ్రాలో కోటిన్నర దిర్హామ్‌లు వచ్చాయి. మన డబ్బులో 30 కోట్లకు పైనే. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆయనకు రావడం సంతోషమే. 39 సంఖ్యల్లోంచి ఆరు ఎంచుకునే ఆ ఆటలో ఉన్న కలయికలు 32,62,623. ఎవరో ఒకరికి రావడం వేరు, అది ఎవరికో ముందే చెప్పగలగడం వేరు. లాటరీని లెక్కతో గెలిచినవారు లేకపోలేదు. 1992లో అమెరికాలోని వర్జీనియా లాటరీని స్టెఫాన్ మాండెల్ అనే ఆయన బృందం గెలిచింది. ఆయన నంబర్‌ను ఊహించలేదు. 44లో ఆరు ఎంచే ఆటలో ఉన్న 70 లక్షల పైచిలుకు కలయికల్లో చాలా భాగానికి టిక్కెట్లు కొనేశారు. పదో తరగతి దాటాక వచ్చే కాంబినేషన్ల పాఠం అది, గ్రాఫుల పాఠం కాదు.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఒంటి అంకెకు మట్కాలో మామూలుగా ఇచ్చేది రూపాయికి తొమ్మిది. పదిలో ఒకసారి తగిలే ఆటలో తొమ్మిది ఇస్తే, తిరిగిన ప్రతిసారీ డబ్బులో పదో వంతు పోతుంది. వచ్చింది మళ్లీ నంబర్ మీదే పెడితే, ఏడోసారి తిరిగేసరికి సగటున సగం కూడా మిగలదు. లాభాల వాటా, దీపావళి బోనస్ చేతికొచ్చే రోజుల్లో ఈ లెక్క ఇంట్లో ఒకసారి బయటికి చదివి వినిపించండి. చట్టం కూడా ఈ ఒంటి అంకె ఆటను ప్రత్యేకంగా పట్టించుకుంది. 1998 లాటరీల చట్టం ప్రభుత్వాలు నడిపే లాటరీల్లో సైతం ఒంటి అంకె మీద బహుమతి ఇవ్వకూడదంటుంది. ఇక మన రాష్ట్రంలో మట్కా నేరమని మీకు తెలిసిందే.

ఇప్పుడు మా తప్పు. రీజనింగ్ పుస్తకాల్లో, ఫౌండేషన్ క్లాసుల్లో, ఒలింపియాడ్ పేపర్లలో మేం ఏళ్ల తరబడి ఒకే రకం ప్రశ్న ఇస్తున్నాం: '1, 2, 4, 8, 16, తర్వాత ఏది?' పిల్లవాడు 32 అంటాడు, మార్కు వేస్తాం. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ గీతతో కలిపి, లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెడితే కూడా 1, 2, 4, 8, 16 వస్తాయి. ఆరో బిందువుకు మాత్రం 31 ముక్కలు. మూడు గీతలు ఒకేచోట కలవకుండా మీరే గీసి చూడండి. వరస ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా తర్వాతిది అడిగే ప్రశ్నకు 'చెప్పలేం' అనేదే నిజమైన జవాబు. ఆ జవాబుకు మేం ఎన్నడూ మార్కు వేయలేదు. మీరూ మార్కులు తగ్గిన రోజు 'ఎందుకు నాలుగో ఆప్షన్ పెట్టలేదు' అని అడిగారే గానీ, 'ఈ ప్రశ్నకు జవాబు ఉందా' అని పిల్లలతో అనలేదు. అంకెలు నాలుగు కనిపిస్తే వాటి వెనక రహస్యం ఉండి తీరుతుందని పిల్లలకు అలవాటు చేసింది మనమే. మామ డైరీ ఆ అలవాటుకు పెద్దల రూపం. ఫోన్లలో రంగు చెప్పి డబ్బు గెలవమనే ఆటల ప్రకటనలు కూడా ఆ అలవాటు మీదే వల వేస్తాయి.

ఈ టర్మ్ నుంచి నా క్లాసు టెస్టుల్లో ఒక్కో పేపర్‌లో 'సమాచారం చాలదు' అనేది సరైన జవాబయ్యే ప్రశ్న ఒకటి పెడుతున్నాను. మొదటిసారి చాలామంది తప్పుతారు, మార్కులు కాస్త తగ్గుతాయి. ఫోన్ చేసే ముందు పేపర్ ఒకసారి చూడమని కోరుతున్నాను.

డైరీ అబ్బాయికి ఒక పని అప్పజెప్పాను. రోజూ తన ఫార్ములా చెప్పే అంకె ముందే రాసి, మడిచి, తేదీ వేసి నాకివ్వాలి. తర్వాత అట్టపెట్టెలోంచి చీటీ తీయాలి. డబ్బు లేదు, మట్కా లేదు. ఇప్పటికి 22 రోజులయ్యాయి, రెండుసార్లు కలిసింది. మామకు చూపించాడట. "ఇంకో ఎనిమిది రోజులు చూడు" అన్నాడట మామ. చూస్తున్నాం.

మీ ఇంట్లోనూ చేయొచ్చు. స్టీలు డబ్బాలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది చీటీలు వేయండి. తీసిన చీటీ మళ్లీ లోపల వేసి, కలిపి, ఇంకోటి తీయండి. అరవైసార్లు తీసి వరసగా రాయండి. ఇంట్లో ఎవరైనా చార్టులు చదివేవారుంటే, ఇది ఎక్కడిదో చెప్పకుండా వారి ముందు పెట్టి తర్వాతి అంకె అడగండి. వారు ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో పిల్లలతో పక్కన రాయించండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ కాగితం తీసుకొస్తే తొమ్మిదో తరగతి గోడకు అంటిస్తాం. పేర్లు రాయనక్కర్లేదు.