పట్టా మన పేరున, బతుకు ఊరి బయట

పేదల ఇల్లు స్త్రీ పేరున ఇస్తున్నామని ఇవాళ ప్రతి ప్రభుత్వమూ గొప్పగా చెప్పుకుంటోంది. 2005 చివర మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ నగర నవీకరణ పథకంలో ఆ మాట ఉంది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఉంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ముప్ఫై లక్షల ఇళ్ల స్థలాల పట్టాలు స్త్రీల పేరునే అన్నారు. 2024 మార్చిలో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకమూ అదే చెప్పింది. మంచిదే. అయితే ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఇంట్లోంచి గెంటేస్తే ఎక్కడికి పోవాలని స్త్రీలు దశాబ్దాలుగా అడుగుతూ వచ్చిన ప్రశ్నకు ఆలస్యంగా దొరికిన జవాబు. కాబట్టి ఆ జవాబు సగంలో ఆగిపోతే నిలదీసే హక్కూ మనకే ఉంది. నేనడిగేది ఒక్కటే: కాగితం మీద ఆమె పేరు రాసిన చెయ్యి, ఆ ఇంటిని ఎక్కడ కడుతోంది?

ఇల్లంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. ప్రభుత్వ లెక్కలో ఇల్లంటే 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, ఒక హాలు, ఒక వంటగది. బస్తీ స్త్రీ లెక్కలో ఇల్లంటే ఇంకా చాలా ఉంది. పొద్దున్నే నడిచి వెళ్లి అంట్లు తోమి, బట్టలుతికి, పిల్లలు బడికి పోయే వేళకు తిరిగి రాగలిగిన దూరం. చంటిబిడ్డను కాసేపు చూసే పక్కింటి అవ్వ. నెలాఖరున రెండొందలు చేబదులిచ్చే ఎదురింటామె. మొగుడు తాగొచ్చి కొడితే వచ్చి తలుపు తట్టే నలుగురు. చీటీ కట్టించుకునే నమ్మకం. అరువిచ్చే కిరాణా కొట్టు. తెలిసిన అంగన్‌వాడీ, తెలిసిన ఆశా కార్యకర్త. ఇవేవీ ఇంజనీరు గీసే ప్లానులో కనిపించవు. కనిపించవు గనుక వాటికి విలువ లేదనుకుంటారు. స్త్రీ ఇంట్లో చేసే చాకిరికి లెక్క లేనట్టే, బస్తీని బస్తీగా నిలబెట్టే స్త్రీల శ్రమకూ లెక్క లేదు.

హైదరాబాదులోనే చూడండి. సికింద్రాబాదులో ఐడీహెచ్ కాలనీ అని ఒక బస్తీ ఉండేది. అక్కడి ఇళ్లు తీసేసి, ఆ నేల మీదనే 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. రెండు పడకగదుల ఇళ్ల పథకానికి దాన్నే నమూనాగా దేశమంతా చూపించారు. నేనూ ఒప్పుకుంటాను, అది మంచి పని. ఉన్నచోటే పక్కా ఇల్లు కట్టడం సాధ్యమేనని ప్రభుత్వమే తన చేతులతో రుజువు చేసింది. మరి ఆ తర్వాత ఏమైంది? మహానగర పరిధికి లక్ష ఇళ్లు అన్నారు. అందులో బస్తీ ఉన్నచోటే కట్టాలనుకున్నవి సుమారు పదో వంతు. తక్కినవన్నీ ఖాళీ జాగాల్లో. అన్నిటికంటే పెద్ద కాలనీ ఎక్కడ వచ్చింది? ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కొల్లూరులో. 15,660 ఇళ్లు, 117 బ్లాకులు, తొమ్మిదీ అంతకు పైగా అంతస్తులు. 2023 జూన్‌లో ప్రారంభోత్సవం జరిగింది. నమూనాగా చూపించింది ఊరి నడుమ. ఎక్కువమందికి ఇచ్చింది ఊరి అంచున.

పంచిన పద్ధతి ఇంకా ఘోరం. ఎవరికి ఏ ఇల్లన్నది కంప్యూటర్ లాటరీ తీసి నిర్ణయించారు. లంచం లేకుండా పారదర్శకంగా జరిగిందని మురిసిపోయారు. లంచం వద్దన్నది నిజమే. కానీ లాటరీకి ఇరుగూ పొరుగూ తెలియదు. ముప్ఫై ఏళ్లు ఒకే గల్లీలో బతికిన అక్కాచెల్లెళ్లను, వియ్యపురాళ్లను, తోటి పనివాళ్లను తలో దిక్కు విసిరేయగలదు. గోడలు కట్టడానికి కోట్లు ఖర్చుపెట్టి, మనుషుల మధ్య అల్లుకున్నదాన్ని ఒక్క మీట నొక్కి తెంపేశారు. కొత్తచోట తొమ్మిదో అంతస్తులో తలుపు వేసుకుంటే, దెబ్బలు తినే స్త్రీ కేక ఎవరికి వినిపిస్తుంది? వినిపించినా ముక్కూ మొహం తెలియని వాళ్లు తలుపు తడతారా?

ఇక పని సంగతి. నేను బస్తీ మీటింగులకు వెళ్లినప్పుడల్లా స్త్రీలు వేసి చూపించే లెక్క ఇది. నాలుగిళ్లలో పనిచేసే మనిషి ఊరి అంచుకు వెళ్లిపోతే, పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. పొద్దున ఆరింటికి కావలసిన పనిమనిషి ఎనిమిదింటికి వస్తే ఎవరూ ఒప్పుకోరు. ముందు రెండిళ్లు పోతాయి. తర్వాత నాలుగూ పోతాయి. మొగవాడు బండి మీదో, అడ్డా మీద కూలికో నగరానికి వస్తూనే ఉంటాడు; ఒక్కోసారి రాత్రిళ్లు ఇక్కడే పడుకుంటాడు. సంపాదన ఆగిపోయేది స్త్రీకి. ఇంటి పట్టా ఆమె పేరున ఉంటుంది, చేతిలో పది రూపాయలు ఉండవు. సొంత సంపాదన పోయిన స్త్రీకి సొంత ఇల్లు ఎంత బలం ఇస్తుందో ఆలోచించండి.

బస్సు ఉచితం కదా అని వెంటనే అంటారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితమే. అది పేద స్త్రీకి నిజంగా ఉపయోగపడుతోంది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే టిక్కెట్టు ఉచితమైనంత మాత్రాన గంటలు ఉచితం కావు. బస్సులో పోయే ఆ నాలుగు గంటలు ఆమె నిద్రలోంచి తీస్తారా, పిల్లల చదువులోంచి తీస్తారా, ఆమె కూలిలోంచి తీస్తారా?

ఇళ్లిస్తే అమ్ముకుని, అద్దెకిచ్చి మళ్లీ గుడిసెల్లోకే వస్తారని ఇంకొందరి నింద. మధ్యతరగతి ఇళ్లలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అధికారులు కూడా తాళాలు పడ్డ ఇళ్లను వెతుకుతూ తిరుగుతున్నారే తప్ప, తాళం ఎందుకు పడిందని అడగరు. ఒక తల్లి పక్కా ఇంటికి తాళం వేసి, మురికి కాలువ పక్కన ఇరుకు గది అద్దెకు తీసుకుందంటే ఆమెకు మంచిచెడ్డలు తెలియకనా? ఆ ఇల్లు అన్నం పెట్టక. ఇది ఒక్క హైదరాబాదు సంగతీ కాదు. నెహ్రూ పథకం కింద కట్టిన ఇళ్లు దేశవ్యాప్తంగా ఎనభై వేలకు పైగా ఖాళీగా ఉన్నాయని, వాటిని వలస కూలీలకు అద్దెకిస్తామని 2020లో కేంద్రమే ప్రకటించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీ. ఆ మరుసటి ఏడు, 2012లో, పట్టణాల్లో కోటీ ఎనభై ఎనిమిది లక్షల ఇళ్ల కొరత ఉందని ప్రభుత్వం వేసిన నిపుణుల బృందమే తేల్చింది. ఆ కొరతలో తొంభై అయిదు శాతం పేదలది, అల్పాదాయ వర్గాలది. ఒకపక్క ఖాళీ ఇళ్లు, ఒకపక్క ఇల్లు లేని జనం. ఇది ఇటుకల కొరతా, న్యాయం కొరతా?

ఇప్పుడు మూసీ. నదిని బాగుచేస్తామంటే కాదనేవాళ్లెవరు? ఆ కంపు పీల్చేదీ, ఆ దోమలు కుట్టేదీ, వరద వస్తే బియ్యం తడిసేదీ బస్తీ వాళ్లకే. కానీ 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ చుట్టుపక్కల బస్తీల్లో తలుపుల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసిన తీరు ఏమిటి? ఆ గుర్తు చూసి వంటలు మానేసి వీధిలో కూర్చున్న స్త్రీలను పత్రికల్లో, టీవీల్లో రాష్ట్రమంతా చూసింది. రెండు పడకగదుల ఇళ్లకు పొమ్మన్నారు. కొందరికి మలక్‌పేటలోనో, జియాగూడలోనో దగ్గరలో దొరికాయి. దగ్గరలో దొరికినవాళ్లు అదృష్టవంతులని మనం అనుకోవలసి రావడమే ఈ విధానానికి సిగ్గుచేటు. పిల్లల బడి సంవత్సరం మధ్యలో ఇల్లు మారమనడానికి ముందు ఆ బడి సంగతి ఎవరైనా ఆలోచించారా? నది కాలుష్యానికి కారణం ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లా, శుద్ధి చేయకుండా మురుగునూ ఫ్యాక్టరీల విషాన్నీ వదిలే నగరమా?

ఈ ఊరికి వరద కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టనపెట్టుకుంది. తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును పెట్టింది. ఆ బోర్డు నాంపల్లి వంటి చోట్ల ఇరుకు బస్తీలు తీసేసి, పేదల కోసం నగరం లోపలే ఇళ్లు కట్టించింది. రాజు చేయగలిగిన పని ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వాలకు ఎందుకు చేతకాదు? 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్‌లో పట్టణ సామాజికాభివృద్ధి విభాగం మొదలైంది. తర్వాతి ఏళ్లలో బస్తీలను ఉన్నచోటనే ఉంచి, పట్టాలు, అప్పులు ఇప్పించి, జనం తమ ఇళ్లు తామే కట్టుకునేలా అండగా నిలిచింది. లోపాలు లేవని కాదు. ఆ పద్ధతిలో ముందు మనుషులతో మాట్లాడేవారు, తర్వాత ముగ్గు పోసేవారు.

ఇతర నగరాల స్త్రీలూ దారి చూపించారు. బొంబాయి బైకుల్లాలో ఫుట్‌పాత్ మీద బతికే స్త్రీలు 1986లో మహిళా మిలన్‌గా కూడి, రోజుకు రూపాయో రెండో పొదుపు చేసుకుంటూ, తమకు ఎలాంటి ఇల్లు కావాలో తామే కొలతలు వేసుకున్నారు. అహ్మదాబాదులో 1995లో మొదలైన పరివర్తన్ కార్యక్రమంలో ఒక్కో కుటుంబం రెండు వేల రూపాయలు వేసుకుంటే, ఇంటింటికీ నీళ్లు, మరుగుదొడ్డి, మురుగు కాలువ వచ్చాయి. పదేళ్లపాటు ఖాళీ చేయించబోమని మునిసిపాలిటీ హామీ ఇచ్చింది. అందులో సేవా సంస్థ స్త్రీలు ముందున్నారు. ఇల్లు కూల్చకుండానే బస్తీ బతుకు మారింది.

కోర్టులున్నాయి కదా అనే భ్రమలో మనం ఉండకూడదు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అయితే నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చనీ అదే తీర్పు అంది. 2024 నవంబరు 13న బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పులో కూల్చే ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి అంది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నదులు, చెరువులలోని అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదంది. నగరంలో పేదవాడికి మిగిలిన జాగాలు సరిగ్గా అవే కదా! తీర్పులు మనకు ఆసరాయే. కానీ బస్తీ కూడితేనే ఆ ఆసరా పనికొస్తుంది.

అన్నిటికంటే అన్యాయమైపోతున్నది కిరాయికుండే స్త్రీ. సర్వే వాళ్లు వచ్చినప్పుడు ఇంటి యజమాని పేరు రాసుకుంటారు. మొగుడు వదిలేసి, ఇద్దరు పిల్లలతో ఒక గదిలో అద్దెకున్న స్త్రీ పేరు ఏ జాబితాలోనూ ఉండదు. సొంత జాగా ఉంటే ఇల్లు కట్టుకోవడానికి అయిదు లక్షలు ఇస్తామంటుంది ఇందిరమ్మ పథకం. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలోనూ పట్టణాల్లో మంజూరైన ఇళ్లలో సగానికి పైగా సొంత స్థలం ఉన్నవాళ్లకే. మురికివాడను ఉన్నచోటే తిరిగి కట్టే విభాగం కింద మంజూరైనవి అయిదు శాతం కూడా లేవు. గజం జాగా లేనివాళ్లే కదా నగరంలో అందరికంటే పేదలు? ఉన్నవాళ్లకే ఇచ్చేదాన్ని పేదల పథకమని ఎలా అంటాం?

నేల విలువ పెరిగిపోయింది, ఊరి నడుమ పేదలకు ఇవ్వలేమంటారు చివరికి. ఆ విలువ ఎవరు పెంచారు? రోడ్లు వేసినవాళ్లు, మేడలు కట్టినవాళ్లు, ఆ మేడల్లో అంట్లు తోమి, వంట చేసి, ముసలివాళ్లను చూసుకునేవాళ్లు. ఐటీ కంపెనీలకు ఎకరాలు దొరికిన నగరంలో, ఆ నగరాన్ని ఊడ్చే స్త్రీకి అరవై గజాలు దొరకవా?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. బస్తీ ఉన్నచోటే ఇళ్లు కట్టాలి. నిజంగా వరద ముప్పు ఉంటే, ఆ ముప్పును బస్తీ వాళ్ల ముందు రుజువు చేసి, నడిచి పనికి వెళ్లగల దూరంలో జాగా చూపించాలి. లాటరీ వద్దు, గల్లీకి గల్లీ ఒకేచోటికి వెళ్లాలి. కిరాయిదారులను, ఒంటరి స్త్రీలను మొదటి జాబితాలో రాయాలి. ప్లాను గీసేటప్పుడు బస్తీ స్త్రీల కమిటీ కూర్చోవాలి, ఆ కమిటీ సంతకం లేకుండా ఒక్క ఇటుక కూడా తీయకూడదు. లిఫ్టు, నీళ్ల మోటారు నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో తాళంచెవి ఇచ్చేముందే రాసివ్వాలి. బడి, అంగన్‌వాడీ, ఆస్పత్రి, బస్సు వచ్చాకే మనుషుల్ని తీసుకెళ్లాలి.

అక్కలారా, మీ బస్తీకి సర్వే అని ఎవరైనా వస్తే ఒక్కరే తలుపు తీసి వేలిముద్ర వేయకండి. పక్కింటి ఆమెను పిలవండి, కిరాయికుండే ఆమెనూ పిలవండి. ఏ కాగితం మీద ఏముందో చదివించుకోండి, నకలు తీసుకోండి. ఇల్లు ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరు అని ముగ్గురూ కలిసి అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు రాసిచ్చేదాకా సంతకం చేయకండి.