సీసాలోని తెలుపు

పండ్లు తెల్లబరచునని చెప్పబడు పుక్కిలింత మందులు ఇప్పుడు ప్రతి మందుల అంగడిలోను దొరకుచున్నవి. మా విద్యార్థులలో కొందఱు చేతిఖర్చు సొమ్ము కూడబెట్టి అట్టి సీసా నొకదానిని కొని, పదునైదు దినములు వాడి, పండ్లకు తెలుపు వచ్చినదని సంతోషించిరి. వారు అసత్యమాడిరని నేననను. కాని వారు చేసినది పరీక్ష కాదని నా యభిప్రాయము. ఆ దినములలో వారు మునుపెన్నడును లేని శ్రద్ధతో అద్దము నెదుట నిలిచి పండ్లు తోముకొనిరి. టీ త్రాగుటయు తగ్గించిరి. వచ్చిన తెలుపు సీసా మహిమయో బ్రష్షు మహిమయో ఎట్లు తెలియును?

నిజముగా తెలిసికొనగోరువారు ఒకే రంగును ఒకే రుచియు గల రెండు ద్రవములను ఒకే తీరు సీసాలలో పోయవలెను. తెల్లబరచు మందు ఒకదానిలోనే యుండవలెను. ఎవరికే సీసా యనునది చీట్లు వేసి నిర్ణయింపవలెను. ఆ సంగతి వాడువారికిని తెలియరాదు, పండ్లు చూచు వైద్యునకును తెలియరాదు. పేస్టు, బ్రష్షు అందఱకు నొక్కటియే. కొలతయు కంటి అందాజుతో సాగదు. పదునాఱు వన్నెల 'వీటా' నమూనా పలకలను పంటి ప్రక్క నుంచి వైద్యులు పోల్చుదురు. గారకైనచో 1968లో లోబీన్ ప్రకటించిన సూచిక కలదు. గార యెంత చిక్కన, ఎంత మేర యను రెంటికిని వేర్వేరుగా అంకెలు వేయుదురు. వెలుతురు మాఱరాదు. తడియారిన పన్ను ఉన్నదానికంటె తెల్లగా కనబడునని మఱవరాదు. ఫొటోలు చూపి మురియువారు దీనిని గమనింపరు.

నేను గొప్ప ఫలితము నాశింపను. ఇట్టి ద్రవములలో పెక్కింట హైడ్రొజను పెరాక్సైడు నూటికి సుమారు ఒకటిన్నర, రెండు పాళ్లు మాత్రమే యుండును. దంతవైద్యు లిచ్చు కార్బమైడు పెరాక్సైడు గుజ్జు రాత్రి పెక్కు గంటలు పంటి నంటియుండును. పుక్కిలింత నిమిషములో ఉమియబడును. చిగుళ్ల జబ్బునకు వాడు క్లోర్‌హెక్సిడీను పుక్కిలింతయైతే కొన్ని వారములలో తానే గోధుమరంగు గార పట్టించును! పుక్కిలింత లన్నియు ఒక్కటి కావు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. టీ, తాంబూలము, చుట్ట పట్టించు గార పంటిపైన నుండును. తోముటకును వైద్యుని పరికరమునకును లొంగును. ఫ్లోరైడు హెచ్చుగా నున్న నీటివలని మచ్చ యట్టిది కాదు. చిగురు క్రింద పన్ను రూపొందు చిన్నతనముననే అది పంటి పింగాణి పొరలో చేరును. మన దేశమున ఈ జబ్బును వైద్యులు 1937లో నాటి నెల్లూరు జిల్లానుండి ప్రకటించిరి. నల్లగొండ పేరు దానితో ముడిపడియే యున్నది. ఆ గోధుమచారలు పుక్కిలించినంత పోవు. కావున ఏ గారపై పరీక్షించిరో, దేనితో పోల్చిరో, ఎన్ని వారములు వాడించిరో సీసాపై వ్రాయని వ్యాపారి మాటను నేను నమ్మను. ఆ చారలను చూచి 'పండ్లు తోముకొనవా?' యని తోటివారిని వెక్కిరించు పిల్లలును ఈ భేదము తెలిసికొనవలెను.

మా వసతిగృహమున నల్లగొండ ప్రాంతపు బాలిక యొకతె కలదు. నోటికి చేయి అడ్డము పెట్టుకొనియే నవ్వును. ఆమెయు ఒక సీసా కొన్నదని నాకు మొన్ననే తెలిసినది.