లెక్కలోకి రావడం

తెలుగులో "లెక్క" అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి అంకెల లెక్క. బడిలో, కొట్టులో, బ్యాంకులో చేసేది. రెండోది విలువకు సంబంధించింది. "వాళ్ళు నన్ను లెక్క చేయలేదు" అంటే నన్ను పట్టించుకోలేదు అని అర్థం. అమెరికాలో పదేళ్ళకోసారి జరిగే జనాభా లెక్కల దగ్గర ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి. అంకెల్లో లేనివాళ్ళని ఎవరూ లెక్క చేయరు. తర్వాతి లెక్కల రోజు 2030 ఏప్రిల్ 1. అది దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ లెక్క బాగా వస్తుందా, చెడుతుందా అన్నది చాలావరకు దానికి ముందు ఏళ్ళలోనే తేలిపోతుంది. అందుకే ఈసారి దాని గురించి మాట్లాడుకుందాం.

మన కుటుంబాలకు ఇలాంటి కాగితాలు కొత్త కాదు. మద్రాసు రేవులో ఓడ ఎక్కే ముందు కూలీలకు ఎమిగ్రేషన్ పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో 1860లో మద్రాసు నుంచే వెళ్ళింది. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఇప్పుడు ముత్తాతగారి ఊరు ఏదో తెలుసుకోవాలంటే చాలామందికి దారి చూపేది ఆ పాసే. గుమాస్తా ఊరి పేరు సరిగా రాసి ఉంటే ఊరు దొరుకుతుంది. తప్పుగా రాసి ఉంటే, వందేళ్ళ తర్వాత కూడా ఆ తప్పు మనల్ని వెనక్కి తిప్పి పంపుతుంది.

ఓడ దిగాక ఇంకో చిక్కు వచ్చింది. ఫిజీలో తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు అందరూ "మద్రాసీలు" అయిపోయారు. ఆ ఒక్క పేరు కింద తమ భాష కనిపించడం లేదని తెలుగువాళ్ళు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా సంగతి చూడండి. అక్కడ 2011 జనాభా లెక్కల ఫలితాల్లో భాషల పట్టికలో తెలుగుకు వరుస లేదు. అధికార భాషలు ఉన్నాయి, సంజ్ఞా భాష ఉంది, చివర "ఇతరాలు" అని ఒక వరుస ఉంది. డర్బన్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడే అవ్వ ఎవరైనా ఉంటే, ఆవిడ ఆ "ఇతరాలు"లోనే ఉంది.

ఇక అమెరికా. ఈ దేశ రాజ్యాంగం మొదటి అధికరణంలోనే జనాభా లెక్కల మాట ఉంది. మొదటి లెక్క 1790లో జరిగింది. 2020 లెక్కలో 33 కోట్ల 14 లక్షల మంది తేలారు. (కోటి అంటే పది మిలియన్లు.) పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, వీసా మీద పనిచేసేవాళ్ళు, చదువుకునేవాళ్ళు, కాగితాలు లేనివాళ్ళు, ఇక్కడ నివసించే ప్రతి ఒక్కరూ ఈ లెక్కలోకి రావాలి.

ఈ అంకెలతో రెండు పెద్ద పనులు జరుగుతాయి. మొదటిది సీట్ల పంపకం. ప్రతినిధుల సభలో 435 సీట్లు ఉన్నాయి. వాటిని జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచుతారు. 2020 లెక్క తర్వాత న్యూయార్క్ రాష్ట్రం ఒక సీటు పోగొట్టుకుంది. ఇంకో 89 మంది లెక్కలో ఉండి ఉంటే, మిగతా రాష్ట్రాల అంకెలు అలాగే ఉంటే, ఆ సీటు పోయేది కాదు. 89 మంది అంటే ఎంత? మన సంఘం ఉగాది భోజనాలకు వచ్చే జనం కంటే తక్కువ. క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్‌లో గయానా నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు, కొన్నిచోట్ల నేలమాళిగలో అద్దెకు ఉండేవాళ్ళు. అలాంటి ఒక్క వీధిలో ఇళ్ళు తప్పిపోతే చాలు, 89 మంది పోవడానికి.

రెండోది డబ్బు. సెన్సస్ బ్యూరో చెప్పిన లెక్క ప్రకారం, 2021 ఆర్థిక సంవత్సరంలో 353 ప్రభుత్వ పథకాల కింద 2.8 లక్షల కోట్ల డాలర్లకు పైగా పంచడానికి ఈ అంకెలు ఉపయోగపడ్డాయి. (లక్ష కోట్లు అంటే ఒక ట్రిలియన్.) మెడికెయిడ్, రోడ్లు, బడి పిల్లల భోజనం, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. ఒకసారి తప్పు లెక్క వస్తే, ఆ తప్పు పదేళ్ళు ఉంటుంది.

మరి 2020 లెక్క ఎంత సరిగ్గా వచ్చింది? ఇది తెలుసుకోవడానికి బ్యూరో తర్వాత ఇంకో సర్వే చేసి, రెండింటినీ పోల్చి చూసింది. 2022లో ఫలితం చెప్పింది. మొత్తం దేశం అంకె దాదాపు సరిగ్గానే వచ్చింది. కానీ లోపల చూస్తే హెచ్చుతగ్గులు ఉన్నాయి. హిస్పానిక్ జనం 4.99 శాతం తక్కువ లెక్కకు వచ్చారు. నల్లజాతి జనం 3.30 శాతం తక్కువ. రిజర్వేషన్లలో ఉండే మూలవాసులు 5.64 శాతం తక్కువ. తెల్లవాళ్ళు 1.64 శాతం, ఆసియన్లు 2.62 శాతం ఎక్కువ లెక్కకు వచ్చారు. ఐదేళ్ళలోపు పిల్లలు చాలామంది తప్పిపోయారు.

"ఆసియన్లు ఎక్కువే వచ్చారు కదా, మనకేం బాధ?" అని ఎవరైనా అడగొచ్చు. ఎక్కువ రావడం కూడా తప్పే. కాలేజీలో ఉన్న అమ్మాయిని కాలేజీలో ఒకసారి, అమ్మానాన్నల ఇంట్లో ఒకసారి లెక్కిస్తే ఒక మనిషి ఇద్దరవుతుంది. పైగా "ఆసియన్లు" అనేది చాలా పెద్ద బుట్ట. ఒకచోట ఒక విద్యార్థిని రెండుసార్లు లెక్కించి, ఇంకోచోట నేలమాళిగలో ఉన్న కుటుంబాన్ని వదిలేస్తే, బుట్ట మొత్తం బరువు సరిపోయినట్టే కనిపిస్తుంది. వదిలేసిన కుటుంబం ఉన్న వీధికి మాత్రం న్యాయం జరగదు.

బుట్టల మాట వచ్చింది కాబట్టి, మనం ఏ బుట్టలో పడతామో కూడా చూద్దాం. 1920 నుంచి 1940 వరకు అమెరికా లెక్కల్లో భారతదేశం నుంచి వచ్చినవాళ్ళని, మతం ఏదైనా సరే, "హిందూ" అనే జాతి కింద రాశారు. 1970లో తెల్లవాళ్ళలో కలిపారు. వలస వచ్చిన భారతీయుల సంఘాలు అడిగి, వాదించి, 1980లో "ఏషియన్ ఇండియన్" అనే గడి తెచ్చుకున్నాయి. గడులు వాటంతట అవి రావని దీన్ని బట్టి తెలుస్తుంది.

శాక్రమెంటో, మొడెస్టో, హేవర్డ్ ఊళ్ళలో ఉండే ఫిజీ తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కు. 2020 ఫారంలో "ఫిజియన్" అనే మాట పసిఫిక్ ద్వీపవాసుల గడి పక్కన ఉదాహరణగా ఉంది. ఫిజీలో 2010 నుంచి పౌరులందరినీ ఫిజియన్లనే అంటారు. కానీ అమెరికా లెక్కలో ఆ మాట రాస్తే మీరు పసిఫిక్ ద్వీపవాసుల్లోకి వెళ్తారు. "ఏషియన్ ఇండియన్" గడి ఒక్కటే నింపితే ఫిజీ మాయమవుతుంది. 2000 నుంచి ఒకటికంటే ఎక్కువ గడులు నింపవచ్చు. ఏది నింపాలో చెప్పడం నా పని కాదు. మీరెవరో మీకే తెలుసు. కానీ ఏ మాట ఏ బుట్టలోకి వెళ్తుందో తెలిసి రాయడం మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మంచి లెక్క ఊరికే రాదు. 2020 లెక్కకు దాదాపు 1,400 కోట్ల డాలర్లు ఖర్చయింది. అది ఒక్కరోజు ఖర్చు కాదు. ముందు దేశంలోని ప్రతి ఇంటి చిరునామా జాబితా సరిచూడాలి. ఫారం, వెబ్‌సైటు, ఫోన్లు పనిచేస్తాయో లేదో కొన్ని ఊళ్ళలో పరీక్షించాలి. తర్వాత లక్షల మందిని పనిలో పెట్టుకోవాలి. 2020లో 67 శాతం ఇళ్ళు తమంతట తాము జవాబిచ్చాయి. మిగతా ఇళ్ళకు మనుషులు వెళ్ళి తలుపు తట్టాలి. ఎంత తట్టినా తలుపు తీయకపోతే పక్కింటివాళ్ళని అడుగుతారు. మీ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో పక్కింటాయనకు ఎంతవరకు తెలుసు?

డబ్బు తగ్గితే మొదట పోయేవి పరీక్షలు. 2017లో స్టాండింగ్ రాక్, కాల్‌విల్ రిజర్వేషన్లలోనూ, ప్యూర్టో రికోలోనూ జరగాల్సిన పరీక్షలను డబ్బు చాలక మానేశారు. 2018 పెద్ద పరీక్ష మూడు చోట్ల పూర్తిగా జరగాలి. చివరికి రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్ కౌంటీలో మాత్రమే అలా జరిగింది. వాషింగ్టన్, వెస్ట్ వర్జీనియా చోట్లను తప్పించారు. తర్వాత రిజర్వేషన్లలోనే లెక్క బాగా తగ్గింది. దానికి ఇదొక్కటే కారణం అనలేం. ఆ సంవత్సరమే కోవిడ్ వచ్చింది. కోవిడ్ వల్ల అక్టోబరు 31 వరకు పెంచిన గడువును ప్రభుత్వం మళ్ళీ తగ్గించింది, కోర్టుల్లో వాదనలు నడిచాయి, చివరికి అక్టోబరు 15న పని ఆగిపోయింది. అయితే పంట వేసే ముందు విత్తనం పరీక్షించని రైతు, పంట పోయాక వాన మీద ఒక్కదాని మీదే నేరం వేయలేడు.

డబ్బు ఎంత ముఖ్యమో నమ్మకం కూడా అంత ముఖ్యం. 2018లో ప్రభుత్వం ఫారంలో పౌరసత్వం ప్రశ్న పెడతామంది. వలస కుటుంబాలు భయపడి జవాబివ్వవని చాలామంది వాదించారు. 2019 జూన్ 27న సుప్రీంకోర్టు, ప్రభుత్వం చెప్పిన కారణం నమ్మేలా లేదని, ఆ ప్రశ్నను ఆపింది. 2025లో వాణిజ్య శాఖ, బ్యూరోకు సలహాలిచ్చే సంఘాలను రద్దు చేసింది. బయటి నిపుణులు, సమాజాల ప్రతినిధులు కూర్చుని "ఇక్కడ తప్పు జరుగుతోంది" అని చెప్పే చోటు అలా పోయింది.

మన జవాబులు ఎవరి చేతిలో పడతాయో అన్న భయం ఉత్త భయం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను శిబిరాలకు తరలించడానికి బ్యూరో లెక్కలు ఉపయోగపడ్డాయి. 2000లో బ్యూరో డైరెక్టరు అందుకు క్షమాపణ చెప్పారు. ఇప్పుడున్న చట్టం గట్టిది. మీ జవాబును బ్యూరో పోలీసులకు గానీ, వలస అధికారులకు గానీ, ఇంటి యజమానికి గానీ చూపకూడదు. చూపిన ఉద్యోగికి ఐదేళ్ళ వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. పేర్లతో ఉన్న కాగితాలు 72 ఏళ్ళ తర్వాతే బయటికి వస్తాయి. 1950 నాటివి 2022లో వచ్చాయి. చట్టం చట్టంగా నిలవాలంటే దాన్ని గమనించే కళ్ళు ఉండాలి. ఆ కళ్ళు మనవి కూడా.

మరి మనం ఏం చేయగలం? తేదీలు గుర్తుపెట్టుకోండి. 2030 లెక్కలో ఏ విషయాలు అడుగుతారో బ్యూరో 2027 ఏప్రిల్ 1 లోపు కాంగ్రెస్‌కు చెప్పాలి. ప్రశ్నల మాటలు 2028 ఏప్రిల్ 1 లోపు ఇవ్వాలి. మీ ప్రతినిధికి ఉత్తరం రాయాలంటే ఆ తేదీల కంటే ముందే రాయాలి. బ్యూరోకు ప్రతి ఏడాది ఎంత డబ్బు ఇస్తారో కాంగ్రెస్ బడ్జెట్‌లో తేలుస్తుంది. అదీ ఆ ఉత్తరంలో అడగండి. నేలమాళిగ ఇళ్ళు, పెరటి ఇళ్ళు చిరునామాల జాబితాలో ఉన్నాయో లేదో చూడమని మీ ఊరి కౌన్సిల్‌ను అడగండి. జాబితాను సరిచూసే అవకాశం ఊళ్ళకు ఉంటుంది. ఇంట్లో పసిపిల్లలని మరిచిపోకండి. లెక్కల రోజుకు పుట్టిన పాప కూడా లెక్కలోకి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మీతోనే ఉండే అవ్వాతాతలు కూడా వస్తారు.

భాష సంగతి ఒకటుంది. 2020లో ఇంటర్నెట్‌లో, ఫోనులో ఇంగ్లీషు కాక 12 భాషల్లో జవాబు ఇవ్వగలిగేవారు. వాటిలో తెలుగు లేదు. కానీ ఫారం ఎలా నింపాలో చెప్పే పుస్తకాలు 59 భాషల్లో వచ్చాయి. వాటిలో తెలుగు ఉంది. ఇది కాక, బ్యూరో ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు ఇంకో పెద్ద సర్వే పంపుతుంది. అందులో ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడుగుతారు. 2016 నుంచి ఆ సర్వే వివరమైన భాషల పట్టికలో తెలుగుకు సొంత వరుస ఉంది. దక్షిణాఫ్రికాలో లేనిది ఇక్కడ ఉంది.

ఆ ప్రశ్న మీ ఇంటికి వస్తే నిజం రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే తెలుగు అని రాయండి. ఫిజీ హిందీ మాట్లాడితే ఫిజీ హిందీ అని రాయండి. తెలుగు మీద ప్రేమతో లేని తెలుగును రాయకండి. అదే సర్వేలో మీ వంశ మూలం ఏదని ఇంకో ప్రశ్న ఉంటుంది. తెలుగు అని అక్కడ రాయవచ్చు. సరైన లెక్క కావాలని అడిగేవాళ్ళం, సరైన జవాబు ఇవ్వాలి. ఈ నెల ఇంట్లో పెద్దవాళ్ళని ఒక మాట అడగండి: "మన ఇంట్లో ఎవరెవరు ఏ భాష మాట్లాడతారు? మన వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు?" జవాబులు తెలుగులో రాసి పెట్టుకోండి. ఫారం వచ్చినప్పుడు అవి పనికొస్తాయి.