ఆదివారం ముచ్చట్లు: కొండదారి గుర్రం

సోలాపురం నుంచి ఒక తల్లిగారు ఉత్తరం రాశారు. వారి అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. ఆదివారం వచ్చిందంటే ఊరి బయట గుర్రాలశాలకు పోయి సవారి నేర్చుకుంటున్నాడట. ఇప్పుడు స్నేహితులతో కలిసి మాథేరాన్ కొండ మీద గుర్రమెక్కి తిరిగి రావాలని పట్టుబట్టాడు. "మగ్గం పట్టిన వంశం, మనకు గుర్రాలేమిటి?" అని తండ్రి కసిరారు. వారం రోజులుగా తండ్రీ కొడుకుల మధ్య మాటలు లేవు. "మీరు ఆదివారాలు గుర్రమెక్కుతారని విన్నాను, అన్నయ్యగారూ! ప్రాణానికి భయం లేదని ఒక్క ముక్క రాయండి" అంటారావిడ.

అమ్మా, భయం లేదని మాత్రం రాయలేను. మూడు నాలుగు వందల కిలోల జంతువు. పరుగే దాని ప్రాణరక్షణ. దాని కళ్ళు తలకు రెండు ప్రక్కలా వుంటాయి గనుక చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనివి నుదుటికి ఎదురుగా కొంచెం మేర, తోక వెనుక కొంచెం మేర. చప్పుడు చేయకుండా వెనుకనుంచి పోతే తాపు తప్పదు. అధికారి ముందూ గాడిద వెనుకా వుండరాదని మన పెద్దలు అన్నారు గదా! మొదటి సగం సంగతి మా ఆఫీసులో నాకు బాగా తెలిసినదే. రెండవ సగంలో గుర్రాన్ని కూడా చేర్చుకోమనండి.

కొండదారిలో ప్రమాదం చాలావరకు బెదురు వల్ల వస్తుంది. దారిలో గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచీ, ఎవరో తటాలున విప్పిన గొడుగు, పొదలోంచి లేచిన కోతి, ఇవి చాలు. అందుకని మంచి గుర్రాన్ని ముందు ఎక్కి కాదు, నేల మీద నిలబడి తయారు చేస్తారు. తలతాడు పట్టుకుని నడిపిస్తూ గొడుగును దూరంనుంచి చూపుతారు. గుర్రం చెవులు నిక్కించి, ముక్కుపుటాలు విప్పి చూస్తుంది. అది కదలక నిలిచి మెడ దించిన క్షణాన గొడుగును వెనక్కి తీసివేయాలి. మర్మమంతా ఇక్కడే వుంది. గుర్రం గింజుకున్నప్పుడు తీసివేస్తే గింజుకోవడమే నేర్చుకుంటుంది. నిలిచినప్పుడు తీసివేస్తే నిలవడం నేర్చుకుంటుంది. టార్పాలిన్ మీద నడపడమైనా, వాగు దాటించడమైనా ఇదే పద్ధతి. వాగు దగ్గర మొండికేస్తే కొరడా దెబ్బకన్న, అలవాటైన ముసలి గుర్రాన్ని ముందు నడిపిస్తే పని త్వరగా అవుతుంది. కొందరు సయీసులు దీన్ని నవ్వుతూ వింటారు. వాళ్ళకు కొరడాయే వేదం. అటువంటి శాలలో మీ అబ్బాయి వుంటే మానిపించండి.

ఎక్కిన తరువాత నేర్చుకోవలసిన మొదటి పాఠం ఆపడం. రెండు పగ్గాలు బలంకొద్దీ లాగితే బెదరిన గుర్రం ఇంకా బిగుసుకుని పరుగెత్తుతుంది. చోటు వుంటే ఒక్క పగ్గాన్నే మెల్లగా ప్రక్కకు తీసుకుని తల వంచి చుట్టూ తిప్పాలి. ఇరుకు దారిలో, ప్రక్కన లోయ వున్నచోట మాత్రం ఆ పని చేయరాదు. ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం ముందుకు వంగి జూలు పట్టుకోవచ్చు, పగ్గాలు పట్టి వేలాడరాదు. దిగేటప్పుడు నిటారుగా కూర్చుని తలకు స్వేచ్ఛ ఇవ్వాలి, అడుగు ఎక్కడ వేయాలో మనకన్న దానికే బాగా తెలుసు. ముందు గుర్రానికీ మన గుర్రానికీ మధ్య ఒక గుర్రం పట్టేంత ఎడం వుండాలి. తోకకు ఎర్ర రిబ్బను కట్టి వుంటే అది తన్నే గుర్రమని కొన్నిచోట్ల గుర్తు. ఇంటిదారి పట్టిన గుర్రాన్ని దౌడు తీయించరాదు; ఒకసారి అలవాటైతే శాల కనబడగానే మన మాట వినదు. చివరి మైలు నడకే.

ఇక మాథేరాన్. నేరళ్ నుంచి 1907లో వేసిన చిన్న రైలు ఎక్కి పోయే ఎర్రమట్టి కొండ. మోటారుకార్లు పైకి రానివ్వరు గనుక గుర్రాలకు గిరాకీ. అక్కడనే కాదు, కొండ ఊళ్ళలో ఎక్కడైనా ఎనభై తొంభై కిలోల మనుషులు చిన్న తట్టువ మీద ఎక్కి ఫోటోలు తీయించుకోవడం చూస్తుంటాం. నాకు నచ్చని వేడుక అది. రౌతూ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదవ వంతు మించరాదని తెలిసినవారు చెప్పే లెక్క.

కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ అనే ఆయన 1955లో వందమైళ్ళ కొండదారి సవారి మొదలుపెట్టారు. టెవిస్ కప్ అంటారు. సియెర్రా నెవాడా పర్వతాలు దాటి 24 గంటల్లో చేరాలి. దారి పొడుగునా పశువైద్యులు నాడి చూస్తారు. కుంటినా, నాడి దిగకపోయినా అక్కడే ఆపివేస్తారు. రౌతు ఎంత వాదించినా లాభం లేదు. 1964 నుంచి హాగిన్ కప్ అని మరొక బహుమతి కూడా ఇస్తున్నారు. మొదట చేరిన పది గుర్రాలలో అన్నిటికన్న మంచి స్థితిలో వున్నదానికి అది. నిలకడగా వున్న గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 40 వరకూ. ఎడమ మోచేయి వెనుక చేయి ఆనిస్తే తెలుస్తుంది. చర్మాన్ని చిటికెతో లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, ఆలస్యమైతే నీరు చాలలేదన్నమాట. చెమటలో వున్న గుర్రానికి నీళ్ళు పెట్టరాదని మనవాళ్ళలో గట్టి నమ్మకం వుంది. అది నిజం కాదు. పెట్టవచ్చు.

తండ్రిగారికి ఒక మాట. గుర్రం మనది కాదనడం సరికాదు. మనుమంచిభట్టు హయలక్షణ విలాసమని గుర్రాల మీదనే తెలుగులో పద్యకావ్యం రాశారు. కులవృత్తి మగ్గమైతే ఆదివారం గుర్రం ఎక్కరాదా?

కొడుకుకు ముందు కొనిపెట్టవలసింది సవారికని చేసిన హెల్మెట్, గడ్డం కింద పట్టె బిగిసేది. మోటారుసైకిలుది పనికిరాదు. తరువాత మడమ వున్న బూట్లు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి దూరిపోయి ఇరుక్కుంటుంది. పడినవాణ్ణి గుర్రం ఈడ్చుకుపోయేది అప్పుడే. అబ్బాయి 58 కిలోలని ఉత్తరంలో రాశారు. జీను పది కిలోలు వేసుకుంటే 68. అంటే 340 కిలోలకు తగ్గని గుర్రం కావాలి. మాథేరాన్‌లో అటువంటిది దొరికితేనే ఎక్కమనండి, దొరకకపోతే ఆ రోజు కాలినడకన తిరిగి రమ్మనండి.