వెన్నెలకి రంగేసే మహానుభావులకో దణ్ణం

మాయాబజార్ అనగానే మనవాళ్ళు గడగడా చెప్పే పేర్లు: కె.వి.రెడ్డి, పింగళి, ఎస్వీఆర్, సావిత్రి, ఘంటసాల. బాగానే ఉంది. మరి 'లాహిరి లాహిరి' పాటలో ఆ వెన్నెల ఎవరిది మాష్టారూ? మీ ఆఫీసులో పదిమందిని అడగండి, ఇద్దరు చెబితే గొప్ప. మార్కస్ బార్ట్లే!

ఆయన ఆంగ్లో ఇండియన్, 1917లో పుట్టాడు. ప్రెస్ ఫొటోలు, న్యూస్ రీళ్ళు తీసుకుంటూ వచ్చి 1945లో బి.ఎన్.రెడ్డి 'స్వర్గసీమ'తో మనవాడైపోయాడు. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మకథ (1962)... అన్నిటికీ కెమెరా ఆయనదే. హిందీవాళ్ళకి మ్యూనిక్ నుంచొచ్చిన జోసెఫ్ విర్షింగ్ ఎలాగో, మనకి బార్ట్లే అలాగ. విర్షింగ్ పాపం 1967లో పోయాడు, తను తీసిన 'పాకీజా' 1972లో గానీ విడుదలవలేదు. కెమెరా వెనకాల మనిషి బతుకే అంత!

ఇక అసలు సంగతి. 2010లో మన హైదరాబాదులోనే మాయాబజార్‌కి రంగులేశారు. పనిలో పనిగా కొన్ని పాటలూ పద్యాలూ కత్తిరించారు కూడా. మన సాఫ్ట్‌వేర్ జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటారా? నలుపు తెలుపు ఫిల్మ్ మీద ఉండేది వెలుగు కొలత ఒక్కటే. ఏ చీర ఏ రంగో అందులో లేనే లేదు. లేని డేటాని ఊహించి నింపడాన్ని 'రిస్టోరేషన్' అంటారా? ఇంకో ప్రాజెక్టులో జూనియర్ కుర్రాడు అలా చేస్తే కోడ్ రివ్యూలోనే తిప్పికొడతాం కదా!

పోనీ, బార్ట్లేకి రంగు తెలీదా? 1965లో 'చెమ్మీన్' కలర్లో తీసింది ఆయనే. 1969 'శాంతినిలయం' అనే తమిళ సినిమాకి జాతీయ అవార్డు వచ్చింది కలర్ ఛాయాగ్రహణానికే! అలాంటివాడు నలుపు తెలుపుల కోసం లెక్కేసి పెట్టిన నీడల మీద మనం రంగు పులమడమా?

మా అక్కుపల్లి సముద్రం ఒడ్డుకి పున్నమి రాత్రి వెళ్ళండి. వెన్నెల్లో జీడితోటలు పచ్చగా కనిపించవు, వెండీ నలుపూ అంతే. సెల్‌ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టి తీస్తే మాత్రం పట్టపగల్లా వస్తుంది. కంటికి కనిపించే వెన్నెలకి దగ్గరగా ఉన్నది బార్ట్లే ఫ్రేమే, మన సాఫ్ట్‌వేర్ కాదు.

"రంగులేశారు కాబట్టే కుర్రాళ్ళు హాళ్ళకొచ్చారు" అంటారు. ఒప్పుకుంటా. అయితే గీతలు తుడవండి, శబ్దం శుభ్రం చెయ్యండి, అది సేవ. రంగుల ప్రింటు కావాలంటే పక్కన వేరేగా పెట్టుకోండి, అసలుదాని నెత్తిన కూర్చోబెట్టకండి.

ఇప్పుడు ఏఐ వచ్చాక ఈ పని ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసేస్తున్నారు. చేసేవాళ్ళలో మనమే ఎక్కువ. అంచేత మనకే చెబుతున్నా: ఆయన 1993లో పోయాడు, వచ్చి అభ్యంతరం చెప్పలేడు. వేరేవాడి కోడ్ ముట్టుకుంటే పైన వాడి పేరు ఉంచుతామే, ఆ పాటి మర్యాద బార్ట్లేకి దక్కదా?