వీడ్కోలులో ఆనందమా?

క్రిస్మస్‌కు చర్చీలు కిటకిటలాడతాయి. గుడ్‌ఫ్రైడే రోజున ఏడు మాటలు వినేందుకు మండుటెండలో సైతం మూడు గంటలు కూర్చుంటాం. కానీ ఈస్టర్ నుండి 40వ రోజున వచ్చే ఆరోహణ పండుగ ఎప్పుడు వచ్చి వెళ్లిందో చాలామంది విశ్వాసులకు తెలియనే తెలియదు. అది ఎప్పుడూ గురువారమే వస్తుంది. గురువారం పనిదినం కదా!

ఒక ఏడాది మా చర్చిలో ఆరోహణ పండుగ సాయంకాల ఆరాధనకు పాతికమంది కూడా రాలేదు. ఆరాధన ముగిశాక, కొద్ది నెలల క్రితమే భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరి నా దగ్గరికి వచ్చింది. ‘‘అయ్యగారూ, ప్రభువు వెళ్లిపోయిన రోజును పండుగ చేసుకుంటున్నాం. మా ఆయన వెళ్లిపోయాక మా ఇంట్లో నవ్వన్నదే లేదు. వెళ్లిపోవడం పండుగ ఎలా అవుతుందండీ?’’ అని అడిగింది. సెమినరీలో నేర్చుకున్న జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ కన్నీళ్ల ముందు ఒక్కటీ నోటికి రాలేదు. ప్రార్థన చేసి పంపించి, ఆ రాత్రి లూకా సువార్త చివరి అధ్యాయాన్ని ఆమె ప్రశ్నతోనే మళ్లీ చదివాను.

యేసుప్రభువు శిష్యులను బేతనియ వరకూ తీసుకెళ్లి, చేతులెత్తి ఆశీర్వదిస్తూ ఉండగానే వారినుండి వేరై పరలోకానికి ఆరోహణమయ్యాడని లూకా రాశాడు (లూకా 24:50-53). ఆశ్చర్యమేమిటంటే, ఆ వీడ్కోలు తర్వాత శిష్యులు ఏడవలేదు. ఎంతో ఆనందంతో యెరూషలేముకు తిరిగొచ్చారు. 40 రోజుల క్రితం తలుపులు వేసుకుని భయంతో దాక్కున్నది వీళ్లే!

ఆ ఆనందానికి కారణం ఆ ఊరిలోనే దొరికింది. బేతనియ అంటే మార్త, మరియ, లాజరుల ఊరు. లాజరు జబ్బుపడినప్పుడు ప్రభువు యొర్దాను అవతల ఉన్నాడు. ఆయన వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు బతికేవాడని మార్త వాపోయింది (యోహాను 11:21). శరీరధారియైన ప్రభువు ఒకచోట ఉంటే మరోచోట ఉండేవాడు కాదు. కపెర్నహూములో ఉన్నరోజున బేతనియకు ఆయన దూరస్థుడే. ఇక మీదట ఏ మార్తా అలా అనవలసిన అవసరం లేకుండా చేసేందుకే ఆయన ఆ ఊరి పొలిమేరల్లోంచి తండ్రి వద్దకు వెళ్లాడనిపిస్తుంది నాకు. మేఘం ఆయన్ను కమ్మిందని అపొస్తలుల కార్యములు చెబుతోంది. ప్రత్యక్షపు గుడారాన్ని కమ్మిన మేఘం దైవసన్నిధికి గుర్తు. అంటే ప్రభువు ఆకాశంలో ఎక్కడో దూరానికి వెళ్లలేదు, అన్ని స్థలాలకూ సమీపంగా ఉన్న దేవుని సన్నిధిలోకి వెళ్లాడు. ఆ తర్వాత 10 రోజులకే పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దిగివచ్చాడు.

ప్రభువు అక్కడికి వట్టిచేతులతో వెళ్లలేదు. మేకులు దిగిన గాయాల గుర్తులున్న చేతులతో వెళ్లాడు. దేవుని కుడిపార్శ్వాన ఉన్నది ఆకలి, అలసట, కన్నీళ్లు ఎరిగిన మన రక్తసంబంధి. అందుకే ఆయన మన బలహీనతలను ఎరిగిన ప్రధానయాజకుడని హెబ్రీ పత్రిక అంటోంది. మన మానవ శరీరం ఇప్పుడు పరలోకంలో ఉండటమే, మనల్నీ ఆయన అక్కడికి చేర్చుకుంటాడనడానికి హామీ అని 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తర గ్రంథం బోధిస్తుంది. క్రీస్తునందు నిద్రించిన ఆ సహోదరి భర్తకూ ఆ హామీ ఉంది. రాళ్లదెబ్బలు తినబోతున్న స్తెఫను కన్నులెత్తి చూసినప్పుడు, కూర్చుని ఉండవలసిన ప్రభువు నిలబడి కనిపించాడు (అపొ.కా. 7:56). తనవారి బాధ చూసి లేచి నిలబడే రాజు ఆయన!

అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. ఆకాశంవైపే చూస్తూ నిలబడిపోయిన శిష్యులను, ఎందుకలా నిలిచారని ఇద్దరు దేవదూతలు ప్రశ్నించారు. ఒలీవల కొండ మీది ఆరోహణ ప్రార్థనామందిరంలో ఒక రాతిని ప్రభువు పాదముద్రగా నేటికీ చూపిస్తారు. కానీ శిష్యులు పైకి చూస్తూనో, పాదముద్రలు వెదుకుతూనో ఆ కొండ మీదే ఉండిపోలేదు. కొండ దిగి ఊళ్లోకి వెళ్లారు, ప్రార్థనలో కనిపెట్టారు, ఆత్మను పొంది సాక్షులయ్యారు. శిరస్సైన క్రీస్తు పరలోకంలో ఉంటే, ఆయన శరీరమైన సంఘం ఈ లోకంలో ఉంది.

నన్ను గద్దించింది ఆ మాటే. భూస్థాపన చేశాం, ఆదరణ కూడిక పెట్టాం, భోజనాలు చేశాం. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కిన వాళ్లు మా సంఘంలో ఎవరూ లేరు, కాపరినైన నాతో సహా! ప్రభువు ఆ ఇంటికి దూరం కాలేదు. దూరమైంది మేమే. మర్నాడు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లాను. ప్రసంగం చెయ్యలేదు. ఆమె భర్త గురించి చెబుతుంటే గంటసేపు విన్నాం. లేచే ముందు చేతులెత్తి ఆశీర్వాదం పలికాను. ఆ ఆశీర్వాదం నాది కాదని, బేతనియ దగ్గర ప్రభువు ఎత్తిన చేతులు ఇంకా దిగలేదని అప్పుడు అర్థమైంది.

ఈసారి ఆరోహణ పండుగకు చర్చికి తప్పకుండా రండి. వచ్చే దారిలో, మనం మరచిపోయిన ఒక గడప కూడా తొక్కి రండి.